ఎనిమిది అంకె దిద్దితే డ్రైవింగు వచ్చినట్లేనా?



మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బుల గురించి వ్రాసుకునే ఈ పుటలో డ్రైవింగు లైసెన్సుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం రోడ్డు ప్రమాదాలలో ఏటా సుమారు 11.9 లక్షల మంది ప్రాణాలు కోల్పోతున్నారు. 5 నుంచి 29 సంవత్సరాల మధ్య వయస్కుల మరణాలకు మొదటి కారణం ఇదే. మన దేశంలో 2022వ సంవత్సరంలోనే 1,68,491 మంది రోడ్లపై మరణించారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అంటే రోజుకు 460 మందికి పైగా. ఇంతమందిని బలిగొనే ఒక జబ్బుకు టీకా ఉండి, ఆ టీకా సీసాలో మంచినీళ్లు నింపి ఊరంతటికీ వేస్తూ ఉంటే వైద్యుడు చూస్తూ ఊరుకోవచ్చునా? డ్రైవింగు పరీక్ష అటువంటి టీకా. మనం వేస్తున్నది మాత్రం మంచినీళ్లు.

ఈ మాట కటువుగా ఉందని తెలుసు. అందువల్ల ఎందుకంటున్నానో వివరంగా చెబుతాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. దానిని దాచను.

"లైసెన్సు ఉందండి"

నేను ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో శస్త్రచికిత్స విభాగంలో పనిచేస్తున్న రోజులవి. వర్షాకాలం. రాత్రి పదకొండు గంటల వేళ ఇద్దరు క్షతగాత్రులను ఒకే ఆటోలో తెచ్చారు. ఒకడు పంతొమ్మిదేళ్ల కుర్రవాడు. తొడ ఎముక విరిగింది. రెండవ మనిషి పూలు అమ్ముకుని ఇంటికి వెళుతూ రోడ్డు దాటుతున్న నడివయసు స్త్రీ. తలకు బలమైన దెబ్బ తగిలింది. మేము చేయగలిగినదంతా చేశాము. తెల్లవారక ముందే ఆమె మరణించింది. కుర్రవాడు బ్రతికాడు.

ఆపరేషను థియేటరు బయట ఆ కుర్రవాని తండ్రి నా ఎదుట చేతులు జోడించి నిలబడ్డాడు. "డాక్టరు గారూ, మావాడికి లైసెన్సు ఉందండి. పోయిన నెలలోనే తీయించాం. పెద్ద కేసేమీ కాదు కదండీ?" అన్నాడు. ఆయన దుర్మార్గుడు కాడు. కొడుకు కోసం తల్లడిల్లుతున్న సామాన్యుడు. అయినా ఆయన నోట వచ్చిన "తీయించాం" అన్న మాట ఇన్నేళ్లయినా నన్ను వదలలేదు. మన ఇళ్లలో లైసెన్సు గురించి ఎవరైనా "పరీక్ష నెగ్గాడు" అనగా విన్నారా? రేషను కార్డు తీయించినట్లు, ఆదాయ ధ్రువపత్రం తీయించినట్లు లైసెన్సు కూడా తీయించుకుంటాము. పరీక్ష అన్నది మన భాషలోనే లేకుండా పోయింది.

తరువాత ఆ కుర్రవాడితో మాట్లాడాను. అంతకు ముందు అతడు వానలో బండి నడపలేదు. రాత్రిపూట ఊరి వెలుపలి రోడ్డు ఎక్కలేదు. ఎదురుగా వస్తున్న లారీ లైటు కళ్లలో పడినప్పుడు వేగం తగ్గించాలని అతనికి ఎవరూ చెప్పలేదు. పరీక్షలో అతడు చేసినదల్లా పట్టపగలు, పొడి నేల మీద, ఎవరూ అడ్డురాని మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో ఒక చుట్టు తిరగడం.

సంతకం చేసిన చేయి

ఇప్పుడు నా సంగతి. నలభై ఏళ్లు దాటినవారు లైసెన్సు కోరినా, వయసుతో నిమిత్తం లేకుండా ఎవరైనా ఆటో, లారీ, బస్సు వంటి రవాణా వాహనాల లైసెన్సు కోరినా, వైద్యుడు ఫారం 1-ఏ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. అభ్యర్థిని నేను స్వయంగా పరీక్షించాను, అతని దూరపు చూపును, వినికిడిని, కాలుసేతుల కీళ్లను ప్రత్యేకంగా గమనించాను అని అందులో ఉంటుంది. దాని కింద వైద్యుని సంతకం, ముద్ర ఉంటాయి.

సాయంత్రం వేళ నేను ఇంటి దగ్గర రోగులను చూసేవాడిని. వారానికి ఒకటి రెండుసార్లు ఒక ఏజెంటు దగ్గర పనిచేసే కుర్రవాడు పదీ పన్నెండు ఫారాల కట్ట తెచ్చి కాంపౌండరుకు ఇచ్చి పోయేవాడు. రోగులందరూ వెళ్లాక నేను వాటి మీద వరుసగా సంతకాలు పెట్టేవాడిని. ఫారంపై ఫోటో ఉండేది. మనిషి ఉండేవాడు కాడు. "అందరూ చేస్తున్నదే కదా" అనుకున్నాను. తప్పు చేస్తున్నానన్న స్పృహ కూడా అప్పట్లో నాకు లేదని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

ఒకనాడు మా ఊళ్లో ఉచిత నేత్రశిబిరం జరిగింది. నేను నిర్వాహకులలో ఒకడిని. కంటి వైద్యుడైన మిత్రుడు నన్ను పిలిచి ఒక మనిషిని చూపించాడు. యాభై దాటిన ఆటో డ్రైవరు. రెండు కళ్లలోనూ ముదిరిన శుక్లాలు. గోడమీది పటంలో అన్నిటికంటే పెద్ద అక్షరాన్ని కూడా అతడు పోల్చుకోలేకపోయాడు. "ఇంత మసకలో బండి ఎలా నడుపుతున్నావయ్యా?" అని అడిగాను. "అలవాటైన దారేనయ్యా. పొద్దున బడిపిల్లల్ని దింపుతాను, సాయంత్రం తీసుకొస్తాను. ఎదురు లైటు పడితే కాసేపు ఏమీ అవుపడదు. అప్పుడు మెల్లగా పోతాను" అన్నాడు, ఎంతో జాగ్రత్తగా నడుపుతున్నాననే నమ్మకంతో. లైసెన్సు ఎప్పుడు రెన్యూవల్ అయిందని అడిగితే ఎనిమిది నెలలైందంటూ చొక్కా జేబులోనుంచి మడతలు పడిన జిరాక్సు కాగితం తీసి చూపించాడు. అది ఫారం 1-ఏ. అడుగున ఉన్నది నా సంతకమే.

అతనికి శస్త్రచికిత్స జరిగింది. చూపు వచ్చేదాకా ఆటో తీయనని మాట ఇచ్చాడు, నిలబెట్టుకున్నాడు. ఆ ఎనిమిది నెలలలో ఆ పిల్లలలో ఎవరికీ ఏమీ కాలేదు. అందుకు కారణం వారి అదృష్టమే. నా వృత్తిధర్మం కాదు. ఆ తరువాత మనిషిని ఎదుట కూర్చోబెట్టి, పటం చదివించి, చెవులు, కీళ్లు చూడకుండా నేను ఒక్క సంతకం కూడా చేయలేదు. నెల తిరగకముందే ఆ ఏజెంటు నా దగ్గరకు ఫారాలు పంపడం మానేశాడు. వేరొక డాక్టరు దొరకడం అతనికి ఏమాత్రం కష్టం కాలేదు.

చట్టం అడిగేది ఒకటి, మైదానంలో జరిగేది మరొకటి

మన చట్టాలు మెత్తనివి కాబట్టే ఇలా జరుగుతోందని చాలామంది భావిస్తారు. అది నిజం కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలలో 15వ నిబంధన చదవండి. అభ్యర్థి ఏమేమి చేసి చూపాలో ఇరవైకి పైగా అంశాలు అందులో ఉన్నాయి. బయలుదేరే ముందు అద్దం సరిచేసుకోవాలి. ఎత్తున ఆపిన బండిని వెనుకకు జారనీయకుండా మళ్లీ నడపాలి. ఇతర వాహనాలను దాటేటప్పుడు, తనను దాటనిచ్చేటప్పుడు తగిన జాగ్రత్త చూపాలి. సిగ్నలు గానీ పోలీసు గానీ లేని చోట రోడ్డు దాటే పాదచారికి ముందుగా దారి ఇవ్వాలి. పాదచారులు, సైకిళ్లవారు, ఇతర డ్రైవర్లు ఏమి చేయబోతున్నారో ముందే ఊహించగలగాలి. ధ్యాస చెదరకుండా సమయస్ఫూర్తితో నడపగలగాలి. తోటివారి పట్ల మర్యాద చూపాలి. ఇవన్నీ మన నిబంధనలలో ముప్పై ఏళ్లకు పైగా ఉన్నవే.

ఇప్పుడు చెప్పండి. నాలుగు కర్రలు పాతిన మైదానంలో పాదచారి ఎక్కడ ఉన్నాడు? ఎదురు వచ్చే లారీ ఎక్కడ ఉంది? రెండు చక్రాల బండికి ఎనిమిది, కారుకు హెచ్ అక్షరం, కొన్నిచోట్ల ఒక ఎత్తు పల్లం. కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. చాలాసార్లు కారు డ్రైవింగు స్కూలువారిదే. అందులో నేర్పేవాని కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. బ్రేక్ ఇన్‌స్పెక్టరు అని మనం పిలిచే అధికారి దూరంగా కూర్చుని చూస్తే, ఏ కాలు ఏ బ్రేకు నొక్కిందో ఎవరికి తెలుస్తుంది?

అంతకు ముందుండే ఎల్ఎల్ఆర్ పరీక్ష సంగతి కూడా చూద్దాం. రోడ్డు గుర్తులు, ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు చేయవలసిన పనులు, కాపలా లేని రైల్వే గేటు దాటడం వంటి విషయాలపై ప్రశ్నలు ఉంటాయి. నూటికి అరవై సరిగ్గా చెబితే చాలు. అంటే పది గుర్తులలో నాలుగింటి అర్థం తెలియనివాడు కూడా ఎల్ బోర్డు తగిలించుకుని రోడ్డెక్కవచ్చు. ముప్పై రోజులు గడిస్తే అసలు పరీక్షకు అర్హత వస్తుంది. ఆ ముప్పై రోజులలో అతడు ఎన్ని గంటలు బండి నడిపాడో అడిగేవారు లేరు.

ఆరోగ్యం విషయానికి వస్తే పరిస్థితి ఇంకా విచిత్రం. నలభై లోపు వయసుండి సొంత వాహనానికి లైసెన్సు కోరేవారికి వైద్య పరీక్షే లేదు. ఫారం 1 అనే స్వీయ ప్రకటన చాలు. మూర్ఛలు వస్తాయా, రేచీకటి ఉందా, ఎరుపు ఆకుపచ్చ రంగులను గుర్తించగలరా, పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలరా అని అందులో ప్రశ్నలు ఉంటాయి. జవాబులు అభ్యర్థివే. తనకు మూర్ఛ ఉందని వ్రాసి లైసెన్సు పోగొట్టుకునేవారు ఎందరుంటారు? కళ్లజోడు అవసరమని తనకే తెలియనివాడు ఏమని వ్రాస్తాడు?

ఫారం 1-ఏలో మరొక అంశం ఉంది. అభ్యర్థి ప్రతిస్పందన వేగాన్ని, పక్కచూపును, కళ్లలో లైటు పడిన తరువాత చూపు తిరిగి తేరుకునే శక్తిని కూడా వైద్యుడు పరీక్షించాలని అందులో వ్రాశారు. అయితే అది ప్రమాదకర సరుకులు రవాణా చేసే వాహనాల డ్రైవర్లకు మాత్రమే. ఎదురు లైటుకు చూపు ఎంతసేపు పోతుందన్నది ప్రాణాంతకమైన విషయమని చట్టానికి తెలుసు. పెట్రోలు ట్యాంకరు నడిపేవానిని ఆ ప్రశ్న అడుగుతుంది. మన పిల్లలను బడికి తీసుకువెళ్లే ఆటో డ్రైవరును అడగదు.

చేతికాళ్ల పరీక్ష, మెదడుకు పరీక్ష లేదు

డ్రైవింగు అంటే క్లచ్చు, గేరు, బ్రేకు అనుకుంటాము. వైద్యుని దృష్టిలో అది ముందుగా కన్ను చేసే పని, తరువాత మెదడు చేసే పని, చివరికి కాలు చేసే పని. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు ముందుకు వెళుతుంది. అడ్డం వచ్చిన మనిషిని చూసి, ప్రమాదమని గ్రహించి, కాలు బ్రేకు మీదికి చేరడానికి సాధారణంగా ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాం. బ్రేకు పడే లోపలే బండి 25 మీటర్లు పోయింది. పొడి రోడ్డుపై మంచి బ్రేకులున్నా పూర్తిగా ఆగడానికి మరో 20 మీటర్లు కావాలి. తడి రోడ్డుపై అంతకంటే ఎక్కువ. ఇదే 40 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 26 మీటర్లలో ఆగిపోతుంది. ఆ తేడాలోనే ఒక పూలమ్మి ప్రాణం ఉంటుంది.

మనిషి నడకకు కాస్త ఎక్కువ వేగంతో ఎనిమిది అంకె దిద్దిన కుర్రవానికి ఈ లెక్క శరీరానికి పట్టే అవకాశం ఎక్కడ ఉంది? తూకం నిలపడం అతనికి వచ్చింది. ముప్పును ముందుగా పసిగట్టడం రాలేదు. పైగా తొందరపాటును అదుపు చేసే మెదడు ముందుభాగం ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా పూర్తిగా పక్వం కాదు. పద్ధెనిమిదేళ్లవాడు చెడ్డవాడని కాదు. అతని మెదడు ఇంకా తయారవుతోంది. అందుకే ఆ వయసులో పరీక్ష, శిక్షణ మరింత గట్టిగా ఉండాలి. మనం సరిగ్గా ఆ వయసులోనే బండి తాళాలు బహుమతిగా ఇస్తున్నాము.

పరిశోధన ఏమి చెప్పింది

ఇవన్నీ ఒక డాక్టరు ఆవేదన మాత్రమే అనుకునేవారికి ఒక పరిశోధన సంగతి చెబుతాను. ఢిల్లీలో లైసెన్సు కోరుకునే 822 మందిని అనుసరించి ఆర్థికవేత్తలు మరియాన్ బెర్ట్రాండ్, సిమియన్ జాన్కోవ్, రేమా హన్నా, సెంథిల్ ముల్లైనాథన్ జరిపిన అధ్యయనం 2007లో ప్రచురితమైంది. లైసెన్సు పొందినవారు అధికారిక రుసుముకు సుమారు రెండున్నర రెట్లు ఖర్చు చేశారు. వారిలో 60 శాతానికి పైగా అసలు పరీక్షకే కూర్చోలేదు. పరిశోధకులు తామే విడిగా డ్రైవింగు పరీక్ష పెడితే లైసెన్సు వచ్చినవారిలో 54 శాతం మందికి బండి నడిపే అర్హత లేదని తేలింది. అదనపు సొమ్ము చాలావరకు ఏజెంట్ల చేతుల మీదుగానే నడిచింది.

ఇది పాత సంగతి, ఇప్పుడు అంతా ఆన్‌లైన్ అయిందని అనవచ్చు. దరఖాస్తు, రుసుము, స్లాటు ఆన్‌లైన్ అయిన మాట నిజమే. కాని తెర మీదికి వచ్చింది కాగితం మాత్రమే, పరీక్ష కాదు. ఆ అధ్యయనం వచ్చిన ఎన్నో ఏళ్ల తరువాత కూడా కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ దేశంలోని లైసెన్సులలో దాదాపు 30 శాతం బోగస్ అని పలుమార్లు బహిరంగంగా అన్నారు. శాఖకు బాధ్యుడైన మంత్రే అలా అన్న తరువాత నేను చేర్చవలసినదేముంది?

ఎదురయ్యే వాదనలు

మొదటి వాదన: "ప్రమాదాలకు కారణం గుంతలు, మలుపులు, పశువులు. డ్రైవర్లను ఎందుకంటారు?" రోడ్లు బాగుపడవలసిందే. కాని 2022 ప్రమాద మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం వల్ల సంభవించాయని ప్రభుత్వ నివేదికే చెబుతోంది. హెల్మెట్టు లేకుండా మరణించినవారు ఆ ఒక్క ఏడాదిలో 50 వేలకు పైగా ఉన్నారు. గుంత ఉన్న రోడ్డుపై వేగం తగ్గించాలని తెలియడం కూడా డ్రైవింగులో భాగమే.

రెండవ వాదన: "ఎంత గట్టి పరీక్ష పెట్టినా అనుభవం మీదనే వస్తుంది." మన దేశంలో ప్రమాదాలలో అధిక భాగం లైసెన్సు ఉన్నవారు నడిపిన వాహనాల వల్లనే జరుగుతున్నాయి. వారందరూ అనుభవం గడించినది ఎవరి ప్రాణాల మీద? శస్త్రచికిత్స కూడా అనుభవం మీదనే వస్తుంది. అయినా ఎం.బి.బి.ఎస్. పరీక్షలు తప్పించుకున్నవాని చేతికి కత్తి ఇచ్చి, మీ పొట్ట మీద నేర్చుకోనిస్తారా?

మూడవ వాదన అన్నిటికంటే బలమైనది. "పరీక్ష ఎంత కఠినమైతే లంచం అంత పెరుగుతుంది. పేదవాడు, చదువురానివాడు, కూలి మానుకుని పదిసార్లు తిరగలేని పల్లెటూరివాడు నష్టపోతారు." ఈ మాటను నేను కొట్టివేయను. పైన చెప్పిన ఢిల్లీ అధ్యయనంలో కూడా బాగా నడిపేవారిని సైతం ఇష్టం వచ్చినట్లు తప్పించి ఏజెంట్ల వైపు నెట్టిన తీరు బయటపడింది. కారణం చెప్పని కాఠిన్యం ఏజెంటుకే లాభం. అందుకే నేను పరీక్షను కష్టతరం చేయమనడం లేదు. నిజం చేయమంటున్నాను. కష్టమైన పరీక్షను కొనవచ్చు. కెమెరా ముందు, అందరికీ ఒకే కొలతతో, ఎందుకు తప్పాడో వ్రాసి ఇచ్చే పరీక్షను కొనడం కష్టం. ఇక పేదవాని సంగతి. రోడ్డు మీద ఎక్కువగా మరణించేది ఎవరు? ద్విచక్ర వాహనదారులు, పాదచారులు. 2022లో పాదచారులే 32 వేల మందికి పైగా. బూటకపు పరీక్ష పేదవానికి లైసెన్సు సులువుగా ఇస్తుందేమో గానీ, అతని ప్రాణం కూడా అంతే సులువుగా తీస్తుంది.

ఇతరులు ఏమి చేస్తున్నారు

బ్రిటన్‌లో 1935 నుంచి డ్రైవింగు పరీక్ష తప్పనిసరి. నేడు అక్కడ పరీక్ష సుమారు నలభై నిమిషాలు, మామూలు వాహనాల నడుమ, మామూలు రోడ్ల మీదనే జరుగుతుంది. హాజరైనవారిలో దాదాపు సగం మంది తప్పుతారు. తప్పడం అక్కడ అవమానం కాదు. 2002 నుంచి వీడియో దృశ్యాలు చూపి, రాబోయే ముప్పును ఎంత త్వరగా గుర్తించారో కూడా కొలుస్తున్నారు. జర్మనీలో కారు లైసెన్సు కోరేవారు ఊరి వెలుపలి రోడ్లపై, అతివేగ రహదారిపై, రాత్రిపూట శిక్షకునితో నిర్ణీత పాఠాలు నడపాలి. ప్రథమచికిత్స తరగతికి హాజరుకావడం తప్పనిసరి. న్యూజీలాండ్ 1987లోనే లైసెన్సును అంచెలుగా ఇచ్చే పద్ధతి తెచ్చింది. మొదటి అంచెలో పక్కన అనుభవజ్ఞుడు ఉండాలి. రెండవ అంచెలో ఒంటరిగా నడపవచ్చు గానీ రాత్రి పది నుంచి ఉదయం అయిదు వరకు నడపరాదు. మన వద్ద పరీక్ష నెగ్గిన రోజు రాత్రే ముగ్గురు మిత్రులను ఎక్కించుకుని హైవే ఎక్కవచ్చు.

మన దేశంలో ప్రయత్నం లేదని కాదు. 2021లో గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలకు నిబంధనలు తెచ్చారు. కారు వంటి తేలికపాటి వాహనాలకు నాలుగు వారాలలో 29 గంటల శిక్షణ ఇవ్వాలి. అందులో 21 గంటలు చక్రం పట్టి నడపాలి. ఇది మంచిదే. కాని అక్కడ నెగ్గినవారికి రవాణా కార్యాలయంలో మళ్లీ పరీక్ష ఉండదు. రుసుము తీసుకుని నేర్పినవారే ఉత్తీర్ణత కూడా ప్రకటిస్తే, ట్యూషను మాస్టారే తన శిష్యుల పరీక్ష పేపర్లు దిద్దినట్లవుతుంది. నేర్పేవారు వేరు, పరీక్షించేవారు వేరు కావాలి. ఇక కేరళలో 2024లో పరీక్షను కట్టుదిట్టం చేసి, రోజుకు జరిపే పరీక్షల సంఖ్య తగ్గించబోతే డ్రైవింగు స్కూళ్లవారు సమ్మెకు దిగారు. నిజమైన పరీక్ష ఎవరికి కంటగింపు అవుతుందో దానిని బట్టే గ్రహించవచ్చు.

ఏమి చేయాలి

ప్రభుత్వాలను నేను కోరేవి అయిదు.

1. 15వ నిబంధనను ఉన్నది ఉన్నట్లు అమలు చేయాలి. మైదానంలో చుట్టు తరువాత కనీసం ఇరవై నిమిషాలు అసలు రోడ్డుపై పరీక్ష జరగాలి.
2. ప్రతి పరీక్షను వీడియో తీసి భద్రపరచాలి. తప్పినవారికి కారణాలు తెలుగులో వ్రాసి ఇవ్వాలి. చదవలేనివారికి చదివి వినిపించాలి.
3. వయసుతో నిమిత్తం లేకుండా అందరికీ చూపును నిజంగా కొలవాలి. పక్కచూపు, ఎదురు లైటుకు తేరుకునే శక్తి రవాణా వాహనాలు నడిపే వారందరికీ, ముందుగా బడిపిల్లలను తీసుకువెళ్లేవారికి పరీక్షించాలి. చూడకుండా సంతకం చేసిన వైద్యునిపై చర్య తీసుకోవాలి. ఒకప్పటి నా వంటివారిపై అని స్పష్టంగానే అంటున్నాను.
4. కొత్త లైసెన్సుదారుకు మొదటి ఏడాది రాత్రి ప్రయాణంపైన, ఎక్కించుకునే వారి సంఖ్యపైన పరిమితి ఉండాలి.
5. ప్రథమచికిత్స తెలియనివారికి లైసెన్సు ఇవ్వరాదు. ప్రమాదం తరువాత మొదటి గంట విలువ ఎంతో మాకు తెలుసు. సాయపడినవారికి చట్టపరమైన చిక్కులు రాకుండా 2019 సవరణలో 134-ఏ సెక్షన్ రక్షణ కూడా కల్పించింది. సాయం చేయడం ఎలాగో నేర్పడమే మిగిలింది.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కరలేదు. తల్లిదండ్రులు ఏజెంటుకు ఇచ్చే సొమ్మును అదనపు శిక్షణకు ఖర్చు పెట్టండి. మీరు పక్కన ఉండగా మీ పిల్లలు వానలో, రాత్రిపూట, రద్దీలో బండి నడిపిన తరువాతనే ఒంటరిగా పంపండి. పద్ధెనిమిది నిండని పిల్లలకు మోటారు బండి ఇవ్వకండి. వారు మోటారు వాహనాల చట్టం కింద నేరం చేస్తే సెక్షన్ 199-ఏ ప్రకారం తల్లిదండ్రులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ పిల్లవానికి ఇరవై అయిదేళ్ల దాకా లైసెన్సు రాదు. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు భోజనం మానేసి బండి ఎక్కకండి. మూర్ఛలు, కళ్లు తిరగడం, పగటిపూట ఆపుకోలేని నిద్ర ఉన్నవారు ఆ సంగతి మీ వైద్యునికి దాచకుండా చెప్పండి. నలభై దాటినవారు ఏడాదికి ఒకసారి కళ్లు చూపించుకోండి. నీటికాసుల జబ్బు ముందుగా పక్కచూపును తినేస్తుంది. ఎదుట ఉన్న అక్షరాలు చక్కగా చదివే మనిషికి కూడా పక్కనుంచి వచ్చే సైకిలు కనిపించకపోవచ్చు.

తోటి వైద్యులకు ఒక మాట. ఫారాల కట్ట మీ బల్ల మీదికి వచ్చినప్పుడు మనిషిని పిలిపించండి. పటం చదివించడానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు లేకపోతే సంతకం మానేయండి. ఏజెంటు మరొకరి దగ్గరకు వెళతాడు, నిజమే. అందరం మానేసిననాడు అతనికి వెళ్లడానికి చోటుండదు.

ఆ పూలమ్మే స్త్రీ పేరు నాకు గుర్తుంది. ఇక్కడ వ్రాయడం భావ్యం కాదు. ఆమెకు ఇద్దరు పిల్లలు ఉన్నారని మరునాడు తెలిసింది. ఆమెను ఢీకొన్న కుర్రవానికి లైసెన్సు ఉంది, అసలైనదే, ప్రభుత్వ ముద్రతో. లేనిది దాని వెనుక ఉండవలసిన పరీక్ష. రేపు మీ ఇంట్లో ఎవరైనా "పిల్లవాడికి పద్ధెనిమిది నిండాయి, లైసెన్సు తీయించాలి" అన్నప్పుడు, "తీయించడం కాదు, పరీక్షకు పంపుదాం. తప్పితే మళ్లీ నేర్పిద్దాం" అనండి. ఒక్కసారి తప్పిన పరీక్ష వల్ల ఏ ఇంటికీ నష్టం జరగలేదు.

మీ ఆరోగ్యమే కాదు, మీ బండికి ఎదురుగా నడిచి వచ్చేవారి ఆరోగ్యం కూడా మీ చేతిలో ఉందని మరువకండి. శుభం.